పిట్ట మీద దురాయి

మొగలిపాళెంలో ఓటు ఎవరికెయ్యాలో దురాయి వేసి చెబుతారు. అమావాస్యనాడు వేటకి పోకూడదని దురాయి వేసి చెబుతారు. పిల్లచేపల్ని కూడా ఊడ్చేసే చిన్నకన్ను వల నీళ్లలో దించితే తప్పని దురాయి వేసి చెబుతారు. అంతేగానీ, ఫోనులో ఏది ఉండాలో ఏది ఉండకూడదో దురాయి వెయ్యడం మాత్రం ఆ ఊరు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

దురాయంటే మరేం లేదు. ఊరిని నడిపే పెద్దకాపూ ఆయన పక్క కాపులూ గంగమ్మ గుడిముందు కూర్చుని ఒక మాట అనుకుంటారు. డప్పు మీద దెబ్బ పడుతుంది. అంతే, ఇక అది ఊరందరి మాట. కాదన్న ఇంటి బోటు నెట్టడానికి ఒక్క భుజం కూడా రాదు. పెళ్లికీ చావుకీ మనిషి రాడు. బోరింగు దగ్గర బిందె పెడితే పక్క బిందె జరిగిపోతుంది. పోలీసులకి బెదరని మగాళ్లు కూడా దురాయి అంటే తలొంచుతారు.

ఈ గోలంతా నరేంద్రబాబు వచ్చాక మొదలైంది. నెల్లూరునుంచి కారేసుకుని వచ్చాడు. నీలం టీషర్టు మీద తెల్లగా ‘ఊసు’ అని రాసుంది. అదొక ఫోను యాప్. పిట్ట లాంటిదేనట, నాలుగు ముక్కల్లో చెప్పదలచింది చెప్పి వదిలేసేదేనట. కాకపోతే మనవాళ్లు, మన భాషలో చేసింది. పిట్ట బొమ్మ ఎగిరిపోయి ఏళ్లవుతున్నా మొగలిపాళెంలో ఆ పాతదాన్ని ఇంకా పిట్టనే అంటారు. ఊరు ఊరంతా పిట్టని వదిలి ఊసులో చేరితే, ఊరిముందు ‘ఊసు గ్రామం’ అని బోర్డు పెట్టి, ఒడ్డు పొడుగునా సోలారు దీపాలు వేయిస్తామన్నాడు నరేంద్రబాబు. కాపులకి దీపాల మీద ఆశ. పిట్ట మీద అంతకు మించిన కోపం. జాతరలో పూనకం వచ్చి ఊగుతున్న ఆడవాళ్లని ఎవడో వీడియో తీసి పిట్టలో పెడితే, దాని కింద ఊరూ పేరూ లేని జనం కూసిన కూతలు అన్నీ ఇన్నీ కావు. ఎవరో చదివి వినిపిస్తే పెద్దకాపు ముత్యాలయ్య ఆ పూట కంచం ముందునుంచి లేచిపోయాడు.

ఆ ముత్యాలయ్యే రోజాకి మామగారు.

డప్పు మోగిన సాయంత్రం రోజా ఎండిన నెత్తళ్ల చేపల్ని ఇసకలోనుంచి తట్టలోకి ఎత్తుతోంది. ముత్యాలయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“మే రోజా, ఆ పిట్టని తీసెయ్. ముందు మన ఇంట్లోనించే పోవాల.”

రోజా చెయ్యి ఆగింది. పొద్దున్నే సముద్రం ఎట్లా ఉందో, గాలి ఎటు తిరిగిందో, ఏ చేప పడిందో రెండు ముక్కలు రాసి, ఒక ఫొటో పెట్టడం పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు. ఎవరెవరో చూస్తారు. మొహాలు తెలియవు, ఊళ్లు తెలియవు. కానాగంత చేపలు పడినరోజు పండగ చేసుకుంటారు, ఒకరోజు రాయకపోతే ఏమైందని అడుగుతారు. ఊళ్లో ఆమె పెద్దకాపు కోడలు. అక్కడ మాత్రం ఉట్టి రోజా.

“నేను తిట్లు రాయను గదా మామా. సముద్రం సంగతే గదా రాసేది.”

“నువ్వు రాసేది తప్పని ఎవురన్నారు? పెద్దకాపు కోడలికొక న్యాయం, ఊరికొక న్యాయమా?”

పొలుసు అంటిన వేళ్లు చీరకి తుడుచుకుని, ఆయన చూస్తుండగానే తీసేసింది. మొగుడు మధుబాబు అరుగు మీద కూర్చుని నవ్వాడు. “పోతే పోయిందిలే. ఊసులో రాసుకో. నోటితో చెప్తే అదే రాసుకుంటాదంట.”

ఉన్నమాట చెప్పుకోవాలి, ఊసు బాగానే ఉంది. అక్షరాలు పెద్దవి. నోటితో చెబితే నిజంగానే రాసుకునేది, మొగలిపాళెం యాసని కూడా ఎగతాళి చేయకుండా రాసుకునేది. బూతులు లేవు. అత్త కామమ్మ కూడా అందులో గంగమ్మ ఫొటో పెట్టి మురిసిపోయింది. కానీ రోజాకి రెండో రోజుకే ఊపిరాడలేదు. ఆమె “ఇయ్యాల గాలి ఎక్కువగా ఉండాది” అని రాస్తే పక్కింటామె “అవును” అనేది. ఎదురింటామె దండం బొమ్మ పెట్టేది. ఆ గాలి వాళ్ల ఇంటి మీదా వీస్తూనే ఉంది గదా! పిట్ట సంతలాంటిది. తోపులాట, తిట్లు, దొంగలు, అన్నీ ఉంటాయి. అయినా సంతకి ఎవరైనా వస్తారు. ఇది మన వాకిలి, మనమే ఊడ్చుకుని మనమే కూర్చోవాలి.

*

కార్తీకం వెళ్లింది. గాలి ఈశాన్యం తిరిగింది. వంజరం కోసమని మధుబాబు, చెంచయ్య, పోలేరయ్య ముగ్గురూ ఫైబర్ బోటులో సాయంత్రం బయల్దేరారు. తెల్లారి రావాల్సిన బోటు రాలేదు.

మొదట ఎవరూ కంగారు పడలేదు. చేప బాగా పడుతుంటే ఆలస్యమవుతుంది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి రోజా తట్ట దించేసి ఒడ్డున నిలబడింది. మాపటికి ఊరి బోట్లన్నీ వెతకడానికి పోయాయి. చీకటి పడ్డాక ఒక్కొక్కటీ తిరిగొచ్చాయి. ముత్యాలయ్య అల్లూరు పోయి మత్స్యశాఖ ఆఫీసులో చెప్పొచ్చాడు. పైకి చెప్పాం, వెతుకుతారు అన్నారు. కృష్ణపట్నం దాకా ఉన్న ఊళ్ల కాపులందరికీ ఫోన్లు చేశాడు. ఎవరికీ కనపడలేదు.

“నీళ్లు దక్షిణానికి లాగుతుండాయి మామా. ఇంజను చెడుంటే ఇంకా కిందికి, పులికాట్ దాకా పోయుంటారు. ఆ పక్క తమిళోళ్లకి చెప్పాల.”

“ఆ పక్క మనకెవురున్నారు? మొన్న వలలు కోసినారని వాళ్ల బోటు పట్టుకుని కట్టేసినాం గదా. ఎవురికి చెయ్యాల ఫోను?” అన్నాడు ముత్యాలయ్య. ఆయన కొడుకు కాదూ సముద్రం మీదుంది.

ఊరు ఊరంతా ఊసులో రాసింది. దురాయి వెయ్యకుండానే రాసింది. ఇంటింటినుంచీ ఒకటే మాట, మా బోటు కనపడలేదు, మా వాళ్లని కాపాడండి అని. రోజా నోటితో చెబుతుంటే మధ్యలో ఏడుపొచ్చింది, ఊసు ఆ ఏడుపుని ఏం రాయాలో తెలియక చుక్కలు పెట్టుకుంది. కింద జవాబులు టకటకా వచ్చాయి. చూస్తే అందరూ మొగలిపాళెం వాళ్లే. అయ్యో అన్న వదిన ఈ పక్కనే కూర్చుని ఉంది. గంగమ్మ చూసుకుంటుందన్న చిన్నాయన అదిగో, గుడి దగ్గర బీడీ కాలుస్తున్నాడు.

మర్నాడు పొద్దున ఫోను టింగుమంది. రోజా గబుక్కున తీసింది. తెర నిండా రంగు కాగితాలు రాలుతున్నాయి. ‘అభినందనలు! ఈ వారం ఎక్కువ ఊసులాడిన ఊరు మొగలిపాళెం!’

ఆమెకి ఆ ఫోను తీసి అలల్లోకి విసిరెయ్యాలనిపించింది. అత్త కామమ్మ ఆశగా తల తిప్పింది. “ఏందమ్మే, ఏమన్నా తెలిసిందా?”

“ఏం లేదత్తా,” అంది రోజా. ఫోను బోర్లా పెట్టేసింది.

*

మొగలిపాళెంలో ఫోనుకి గట్టిగా సిగ్నలు దొరికేది సరుగుడు తోట పక్క ఇసకదిబ్బ మీదనే. అందుకే అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. దొంగతనంగా ఒక మాట మాట్లాడుకునే చోటు కాదది.

రోజా దిబ్బ ఎక్కేసరికి వెంకటశేషమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. చెంచయ్య తల్లి ఆమె. కాళ్లు చాపుకుని, సముద్రానికేసి చూస్తూ, పళ్లతో కొంగు నొక్కిపెట్టుకుని ఉంది. కాస్త దిగువన మగాళ్లు నలుగురు వల గుట్ట మీద కూర్చున్నారు.

రోజా పక్కకి తిరిగి, పిట్టని మళ్లీ ఫోనులోకి దించడం మొదలుపెట్టింది. గీత నెమ్మదిగా కదులుతోంది. ఇప్పుడెవరైనా పైకొస్తే? పెద్దకాపు ఇల్లే దురాయి తప్పిందంటే ఇంకేముంది? వెతకడానికి పోయిన బోట్లు కూడా ఆగిపోతే?

“ఏందే అది?” వెంకటశేషమ్మ చూసేసింది.

రోజా దాచలేదు. ఫోను తిప్పి చూపించింది. “నీళ్లు దక్షిణానికి లాగుతుండాయి పెద్దమ్మా. ఆ పక్క మనుషులు ఇందులోనే ఉండారు. మన ఊసులో ఒక్కరూ లేరు.”

వెంకటశేషమ్మ మెల్లిగా లేచి, మోకాళ్లు పట్టుకుని, దిబ్బ అంచుకి పోయి మగాళ్లకి అడ్డంగా నిలబడింది. కొంగు విప్పి, ఎండకి అన్నట్టు రెండు చేతులా పట్టుకుంది. “కానియ్, బిర్రన,” అంది వెనక్కి చూడకుండా.

రోజా బోటు ఫొటో పెట్టింది. ‘నీలం బోటు, పసుపు గీత. ముగ్గురు మనుషులు. నీళ్లు దక్షిణానికి లాగుతున్నాయి. పులికాట్ వైపు ఎవరన్నా ఉంటే చూడండి. అందులో నా భర్త ఉన్నాడు’ అని రాసి వదిలింది.

జవాబులు వచ్చాయి. ముందే జాగ్రత్త పడొచ్చు గదా అని ఒకాయన నీతి చెప్పాడు. ఒకాయన ప్రభుత్వాన్ని తిట్టాడు, ఇంకొకాయన ఆయన్ని తిట్టాడు, వాళ్లిద్దరూ బోటు సంగతి మరిచి జుట్లు పట్టుకున్నారు. మధ్యలో ఎవడో అప్పులిస్తామన్నాడు. ఛీ, ఇందుకా నేను ఇంత సాహసం చేసింది అని రోజాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. చివర్లో ఒక మాట వచ్చింది.

‘అక్కా, నా పేరు దావీదు. పళవేర్కాడులో, అదే మీ పులికాట్‌లో, బోటు ఇంజన్లు బాగుచేస్తాను. మీ మీన్ ఫొటోలు, చేపల ఫొటోలు, దినమూ చూసేవాడిని. ఇక్కడ బోట్లందరికీ చెప్పినాను. భయపడవద్దు.’

ఆ రోజంతా ఆమె ఇంటికీ దిబ్బకీ తిరుగుతూనే ఉంది. నీళ్ల బిందె సాకు, పుల్లల సాకు. మరుసటి పొద్దున, ఎండ ఇంకా ఎక్కకముందు, దావీదు ఒక ఫొటో పంపాడు. నీలం బోటు. దాని అంచు మీద ఒరిగి మధుబాబు. పెదాలు పగిలి, కళ్లు లోపలికి పోయి, కానీ మధుబాబే. వెనక మరో ఇద్దరు.

రోజా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అరవకూడదు. ఎట్లా తెలిసిందని అడిగితే ఏం చెబుతుంది? మొగుడు బతికున్నాడని తెలిసి కూడా ఊరిమధ్య ఏడవడానికీ నవ్వడానికీ లేకుండా పోయింది. దిబ్బ దిగి పరుగున పోయి వెంకటశేషమ్మ చెవిలో ఒక్కమాట చెప్పింది. ఆ ముసలామె రోజా చెయ్యి పట్టి ఇసకలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ ఏమీ తెలియనట్టు అట్లాగే కూర్చున్నారు. కాసేపటికి ముత్యాలయ్య ఫోను మోగింది. అవతల మధుబాబు గొంతు. అప్పుడు ఊరు ఊరంతా గొల్లుమంది, అప్పుడుగానీ వాళ్లిద్దరూ ఏడవలేదు.

*

వ్యానులో ముగ్గురూ ఇంటికి చేరారు. గంగమ్మకి పొంగళ్లు పెట్టారు. అంతా బాగుందనుకుంటుండగా పోలేరయ్య నోరు జారాడు. వాడిలో పాపం కల్మషం లేదు. గుడిముందు అందరిమధ్యా నిలబడి, “ఆ దావీదన్న ఫోనులో మన రోజా రాసిందే చూపించినాడబ్బా! పిట్టలో మన బోటు ఫొటో! అది చూసే వాళ్లు బోటు తోలినారంట!” అన్నాడు సంబరంగా.

కాపులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోలేరయ్య చుట్టూ చూసి, ఏం తప్పన్నాడో అర్థంకాక, నవ్వు మొహంతోనే ఆగిపోయాడు.

ఆ సాయంత్రమే కాపులు కూర్చున్నారు. రోజా ఆడవాళ్ల మధ్యనుంచి ముందుకొచ్చి నిలబడింది.

“దురాయి వేసినాక పిట్టలో రాసినావా, లేదా?” అడిగింది మామగారే. ఇంకెవరిచేతా అడిగించలేదు.

“రాసినా.”

“తప్పని తెలుసా?”

“మనుషులు సముద్రం మీదుండారు మామా.”

“తప్పని తెలుసా అని అడిగినా.”

రోజా మొగుడివైపు చూసింది. మధుబాబు దుప్పటి కప్పుకుని గుడి మెట్టు మీద కూర్చున్నాడు. ఉప్పుకి పగిలిన పెదాల మీద వెన్న రాసుంది. ఒక్కమాట అంటాడని చూసింది. నేను ఈడ కూర్చోనుండానంటే అది రాయబట్టే అని ఒక్కమాట. అతను దుప్పటి అంచు లాక్కుని నేలచూపులు చూశాడు.

“తెలుసు,” అంది.

కాపుల్లో ఒకాయన వెలి అన్నాడు. ఇంకొకాయన, పెద్దకాపు ఇంటిని వెలేస్తే ఊరేం కావాలన్నాడు. అప్పుడు ముత్యాలయ్యే మధ్యేమార్గం తెచ్చాడు. నరేంద్రబాబు రేపు వస్తున్నాడు. తప్పిపోయిన బోటు దొరికిందని తెలిసి, వీడియో తీస్తానంటున్నాడు. ఊసు వల్లే దొరికినారని రోజా చెప్పాలి. పిట్టలో రాస్తే పలికినవాడు లేడని కూడా చెప్పాలి. ఇప్పుడు అందరి ఎదుటా పిట్టని తీసెయ్యాలి. దాంతో తప్పు చెల్లు.

“అది అబద్ధం మామా.”

“ఊరి మాట నిలబడాల,” అన్నాడు ముత్యాలయ్య. “నీ ఒక్కదానికి వదిలేస్తే రేపు చిన్నకన్ను వల వేసేవాణ్ణి నేనెట్టా ఆపేది?”

రోజా అక్కడే పిట్టని తీసేసింది. ఇంటికి పోయాక మధుబాబు అటు తిరిగి పడుకుని అన్నాడు, “చెప్పెయ్ మే. రెండు ముక్కలు గదా, ఐపోద్ది.”

“నీకు నోరు లేదా?” అంది రోజా. “పళవేర్కాడు నించి ఫోను చేసినప్పుడు ఉండిందే నోరు?”

అతను దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. మేలుకునే ఉన్నాడని ఊపిరిని బట్టి ఆమెకి తెలుస్తూనే ఉంది.

*

మర్నాడు కామమ్మ కోడలికి తల దువ్వి, కనకాంబరాలు పెట్టింది. “మొగుడు ఇంటికొచ్చినాడు గదమ్మా. నోటి మాటదేముండాది?” అంది జడ అల్లుతూ. రోజా తల వంచి అల్లించుకుంది.

నరేంద్రబాబు రోజాని ఒడ్డున ఇంకెవరిదో బోటుకి ఆనించి నిలబెట్టాడు. మధుబాబుకి నీలం టీషర్టు తొడిగి పక్కన నిలబెట్టాడు. చేతికి పెద్ద వంజరం ఒకటి ఇచ్చాడు, ఐసు పెట్టెలోది, అల్లూరు మార్కెట్టునుంచి తెచ్చింది.

“అక్కా, ఆ పాతదానికీ మనదానికీ తేడా ఏందో చెప్పండి. నవ్వుతా చెప్పండి.”

రోజా చెప్పింది. పిట్టలో రాస్తే తిట్టినారేగానీ ఒక్కరూ పలకలేదు. ఊసులో రాయంగానే అందరూ అన్నలై, తమ్ముళ్లై పలికినారు. మా మగోళ్లు ఇల్లు చేరింది ఊసు వల్లే. తడుముకోకుండా చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్ల మధ్య వెంకటశేషమ్మ మాత్రం చేతులు కొంగులో దూర్చుకుని నిలబడింది.

“సూపరక్కా!” అన్నాడు నరేంద్రబాబు. “ఇంకొక్కసారి చెప్పండి, ఈసారి కాస్త కళ్లలో నీళ్లు కనపడాల.”

కళ్లలో నీళ్లకి ఆమె కష్టపడాల్సిన పని లేకపోయింది.

వీడియో ఊసులో తిరిగింది. ఊరిముందు బోర్డు లేచింది. బోరింగు దగ్గర రోజా బిందె పక్కన బిందెలు యథాప్రకారం నిలబడ్డాయి. అందరూ పలకరిస్తున్నారు, ఎవరూ ఏమీ అనడం లేదు. దావీదు ఆ వీడియో చూసే ఉంటాడని తలుచుకున్నప్పుడల్లా ఆమె తింటున్న కంచం పక్కకి నెట్టేసేది. మొహం తెలియని మనిషి, పిలిస్తే పలికాడు. ఆయన్ని పట్టుకుని ‘ఒక్కరూ పలకలేదు’ అంది తాను, పూలు పెట్టుకుని మరీ అంది.

*

బోటు బాగై వచ్చింది. మధుబాబుకి ఒళ్లు ఇంకా స్వాధీనం కాలేదు. ఆ సాయంత్రం వేటకి తానే పోతానన్నాడు ముత్యాలయ్య. ఆయన సముద్రం మీదికి పోయి చాలాకాలమైంది.

రోజా పెరట్లో కూర్చుని చేపలు కోసి ఉప్పు పడుతోంది. మోచేతుల దాకా ఉప్పు, నెత్తురు. ముత్యాలయ్య వచ్చి నిలబడ్డాడు. ఏదో అనబోయి మానుకుని, పెరటి తడిక దగ్గరగా వేసొచ్చాడు.

“చేతులు కడుక్కో.”

కడుక్కుంది. ఆయన పంచె మడతలోనుంచి తన ఫోను తీసి అందించాడు.

“ఆ పిట్టని దీంట్లో పెట్టు.”

రోజా నమ్మలేనట్టు చూసింది. “దురాయి?”

“అది ఉండాది. ఉండనీ.” ఆయన ఇంకెటో చూస్తున్నాడు. “గాలి తగ్గలేదు. ఇంజను ఏమో నమ్మేట్టు లేదు. ఎవురికీ చెప్పమాక.”

రోజాకి ఒళ్లు మండింది. తనని గుడిముందు నిలబెట్టి, అబద్ధం చెప్పించి, ఇప్పుడు తడిక మూసి అడుగుతున్నాడు! ఈయన ప్రాణం ప్రాణం, నా మాట మాట కాదూ? ఫోను ఆయన చేతిలోనే తిరిగి పెట్టేద్దామనుకుంది. కానీ ముసలాయన వేళ్లు చూసింది. అవి పంచె అంచుని నలుపుతున్నాయి, భయపడుతున్నాయి. ఆమె గోడవారకి, సిగ్నలు కాస్త అందేచోటికి జరిగి, పెట్టడం మొదలుపెట్టింది. పేరు అడిగితే ‘పెద్దకాపు ముత్యాలయ్య, మొగలిపాళెం’ అని రాసింది. ఫొటో అడిగితే ఆయన్నే తలపాగాతో ఒకటి తీసింది.

తన పాత రాత వెతికింది. దాని కింద దావీదు మాటలు ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి.

‘అక్కా, ఇల్లు చేరినారా?’

‘వ్యాన్ మంచిగా వచ్చిందా అక్కా?’

‘అక్కా, జవాబు లేదు. మనసు సరిగా లేదు. వాళ్లు చేరినారని ఒక మాట చెప్పండి, చాలు.’

వీడియో ఆయన చూడలేదు. ఊసులో ఆయన లేడు గదా! ఆ బంగారంలాంటి మనిషి ఇంకా వాళ్లు దారిలోనే ఉన్నారేమోనని కంగారు పడుతున్నాడు.

రోజా ఎవర్నీ అడగలేదు. మామగారి ఫోనులో, మామగారి పేరుతో, గబగబా రాసి వదిలేసింది.

“ఏం రాసినావు?” అన్నాడు ముత్యాలయ్య. “పెట్టమన్నా గానీ రాయమన్నానా?”

“మీరే చూడండి.”

ఆయన ఫోను దూరంగా పట్టుకుని, వేలు ఒక్కో అక్షరం కింద జరుపుతూ, పెదాలు కదుపుతూ చదివాడు. పైన తన తలపాగా, తన పేరు. ‘దావీదన్నా, ముగ్గురూ ఇల్లు చేరినారు. మీరు పలికినారు గనక చేరినారు. ఇది మా ఊరి మాట.’

“ఇది అందరికీ కనపడతాదా?”

“అందరికీ కనపడతాది మామా. పెద్దకాపు మాట గదా, దాస్తే ఎట్టా?”

ఆయన మళ్లీ మొదటినుంచి చదివాడు. తడిక అవతల ఎవరో నడుచుకుంటూ పోయారు. ఆ అడుగులు దాటిపోయేదాకా ఆయన కదల్లేదు. తీసెయ్ అంటాడని రోజా చూస్తోంది. అంటే ఏం చెప్పాలో కూడా అనుకుని సిద్ధంగా ఉంది.

ముత్యాలయ్య ఫోను ఆమె చేతికి తిరిగిచ్చాడు.

“ఆ మనిషికి నమస్కారం పెట్టలేదేందే?” అన్నాడు. “అది కూడా రాయి. నా పేరు మీదే రాయి.”